కంచె అవతల పడ్డ లేడి

బీవర్ వాగు లోయలో ఎల్డన్ వావ్రాను మించిన వేటగాడు పుట్టలేదు, ఇక ముందు పుట్టబోడు. ఆ ఏడు డిసెంబరు ముప్పై ఒకటిన, వేట గడువు ఇంకో గంటలో ముగిసిపోతుందనగా, కంటికి చెయ్యి కనబడని పొగమంచులో, నాలుగొందల అంగల దూరం నుంచి, పక్కగాలిని కాచుకుని, పరుగెత్తుతున్న లేడిని ఒకే ఒక్క గుండుతో కొట్టాడు. కొట్టి, అది పడిందో లేదో చూడకుండానే ఫ్లాస్కు మూత తిప్పి కాఫీ పోసుకున్నాడు. ధాన్యం గోదాము దగ్గర కాఫీ బల్ల మీద ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కాదన్నవాడు ఇంతవరకూ లేడు.

రెండు వారాలుగా రాయిలా బిగుసుకుని ఉన్న మంచు ఆ ఉదయం నుంచే కరగడం మొదలుపెట్టింది. దక్షిణపు గాలి వీచింది. చూరుల నుంచి చుక్కలు, దారుల నిండా రొచ్చు, ఆవుల వీపుల మీంచి ఆవిరి. మా వైపు చలికాలంలో ఇలాంటి వెచ్చదనం వస్తే ఎవరూ మురిసిపోరు. పిల్లి ఎలుకను వదిలిపెట్టి ఒక అడుగు వెనక్కి జరిగి కూర్చున్నట్టు ఉంటుంది అది.

ఎల్డన్ కి మాత్రం ఆకాశం వంక చూసే తీరిక లేదు. ఇంట్లో తినడానికని ఏడాదిగా మేపుకున్న కోడె అక్టోబరులో కడుపుబ్బరంతో చచ్చింది. నవంబరు వేటలో అతని గుండ్లన్నీ చెట్లకే తగిలాయి. నేలమాళిగలో ఉన్న పెద్ద ఫ్రీజరు మూత ఎత్తితే నాలుగు కోళ్ళు, అడుగున ముక్కలు కోసి పెట్టిన పుల్లటి కూరకాడలు, ఆ పైన చలి. అరవై నాలుగేళ్ళ మొగుడూ, అరవై రెండేళ్ళ పెళ్ళామూ ఏప్రిల్ దాకా గడపాలి. మిగిలింది ఆఖరి వారపు వేట ఒక్కటే. దానికి మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకులే వాడాలి. ఒక్క గుండు. రెండోది కూరేలోపు లేడి పక్క జిల్లాలో ఉంటుంది.

ఆ తుపాకి వాడటం అతనికి నేర్పింది అన్న లంబర్ట్. ఎనిమిదేళ్ళు పెద్దవాడు. మొదటి రోజే చెప్పాడు: "చలికాలంలో దీన్ని కొట్టంలోనే పడుకోబెట్టరా. వెచ్చగా ఉంటుందని ఇంట్లోకి తెచ్చావనుకో, దానికి చెమట పడుతుంది. చెమట పడితే మందు మెత్తబడుతుంది. మెత్తబడ్డ మందు నీ పెళ్ళాం లాంటిది, నువ్వు చెప్పినప్పుడు కాదు, దానికి తోచినప్పుడు పేలుతుంది." అప్పటికి ఎల్డన్ కి పెళ్ళే కాలేదు.

ఆ మధ్యాహ్నం సూపు తాగడానికి ఇంటికొచ్చిన ఎల్డన్ తుపాకిని వంటింటి పొయ్యి పక్కన ఆనించాడు. తెలియక కాదు. ఒక్క నిమిషమే కదా అనుకున్నాడు. సూపు వేడిగా ఉంది, నిమిషం అరగంటయింది.

మూడున్నరకు పొలం చివర దేవదారు చెట్ల వరుసలో కూర్చున్నాడు. నాలుగు దాటాక పొగమంచులోంచి లేడి వచ్చింది. ఇప్పుడు ఆ నాలుగొందల అంగల సంగతి. నలభై. గాలి లేదు, ఆకు కదలడం లేదు. లేడి పరుగెత్తడం లేదు, నిలబడి మొక్కజొన్న మోళ్ళు కొరుక్కుంటోంది. మీరో నేనో అయితే రాయి విసిరి కొట్టేవాళ్ళం. కాఫీ కూడా తాగలేదు, ఫ్లాస్కు తేవడం మరిచిపోయాడు. పొగమంచు మాత్రం నిజం.

ఎల్డన్ గురి చూసి మీట నొక్కాడు. మందును అంటించే చిన్న రాగి టోపీ టప్పుమంది. లోపల మందు ఒక్క క్షణం ఆలోచించింది. ఆ క్షణంలో లేడి ఒక అడుగు ముందుకు వేసింది. అప్పుడు పేలింది తుపాకి.

పొగ తేలిపోయేసరికి లేడి వీపు విల్లులా వంచుకుని, తోక కాళ్ళ మధ్య ఇరికించుకుని, పొట్టి అడుగులతో పడమటికి పోతోంది. గుండెలో తగిలిన జంతువు అలా నడవదు. అది నిలబడిన చోటికి వెళ్ళి ఎల్డన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మెత్తటి మంచు మీద నెత్తురు కొంచెమే, దాంట్లో పచ్చటి పసరు. వేలితో తీసి వాసన చూశాడు. కడుపు.

కడుపులో తగిలిన లేడిని తరమకూడదు. తరిమితే ఊపిరి ఉన్నంతసేపూ పరుగెడుతుంది. వదిలేస్తే వంద, రెండొందల అంగల్లో ఏ పొదలోనో పడుకుని అక్కడే ప్రాణం వదులుతుంది. అప్పుడు వెళ్ళి తెచ్చుకోవాలి. పొద్దు చాలక రాత్రికి అక్కడే వదిలేయాల్సి వస్తే, ఒంటి మీది కోటు విప్పి దాని మీద కప్పి రావాలి. మనిషి చెమట వాసన వేడిగా ఉన్నంతవరకూ కయోటీ ముట్టదు. నక్కకు ఎక్కువ, తోడేలుకు తక్కువ అయిన ఆ జాతికి ఆకలి కంటే అనుమానం ఎక్కువ. ఇవన్నీ మా లోయలో పుట్టిన ప్రతివాడికీ అక్షరాల కంటే ముందు వస్తాయి.

అడుగుల వెంట ఎల్డన్ నెమ్మదిగా వెళ్ళాడు. తన పొలం గట్టు దాకా వెళ్ళి ఆగాడు. అయిదు వరసల ముళ్ళతీగ కంచె. పై తీగకు నాలుగు గోధుమరంగు వెంట్రుకలు వేలాడుతున్నాయి. అడుగులు కంచె అవతల ముళ్ళపొదల పల్లంలోకి దిగిపోయాయి.

అవతలిది లంబర్ట్ పొలం.

మా లోయలో కంచె దాటిన వేట నీదే, కానీ కంచెవాణ్ణి అడగందే కాలు పెట్టకూడదు. అడిగితే కాదనేవాడు ఎవడూ లేడు. అడగడమే. ఒక్క మాట. ఆ పల్లం దాటితే పొగమంచు పలచబడిన చోట అరమైలులో లంబర్ట్ ఇంటి పొగగొట్టం కనబడుతోంది, పొగ నిటారుగా లేస్తోంది. ఎల్డన్ పై తీగ పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఇంటి గుమ్మం ఎక్కి, ఆ మనిషితో మాట్లాడి పదకొండేళ్ళయింది.

పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. వాగు ఒడ్డున ఒక కయోటీ పలికింది. ఇంకోటి అందుకుంది. తర్వాత నాలుగైదు కలిసి పెళ్ళివారిలా గోల మొదలుపెట్టాయి. వాటికీ పసరు వాసన అందింది. వాయవ్యాన పొగమంచు కింద నల్లటి గీత ఒకటి పరుచుకుంటోంది, ఎవరో బొగ్గుతో గీసినట్టు. ఎల్డన్ మోకాళ్ళకు అదేమిటో తెలుసు. ముందు వాన, ఆ వాన మీద ఉత్తరపు గాలి. వాన నెత్తుటి జాడ కడిగేస్తుంది, గాలి మిగిలినదాన్ని బిగించేస్తుంది.

"నాకు కనబడుతూనే ఉందిరా," అన్నాడు ఎల్డన్ కయోటీలతోనో, ఆకాశంతోనో. వెనక్కి తిరిగి ఇంటికి నడిచాడు.

అన్నదమ్ములకు ఎక్కడ చెడిందో కూడా చెప్పాలి. పదకొండేళ్ళ కిందట ఇదే ఆఖరి వారం వేటలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. లోయలో ఎవరూ చూడనంత పెద్ద దుప్పి వచ్చింది, పన్నెండు కొనల కొమ్ములు. ఇద్దరూ ఒకేసారి మీట నొక్కారు. దుప్పి కూలింది. ఒళ్ళంతా వెతికితే ఒకటే రంధ్రం. నాదంటే నాదన్నారు. మొదట నవ్వుతూ అన్నారు, తర్వాత నవ్వకుండా. చివరికి లంబర్ట్ రంపం తెచ్చి పుర్రె మధ్యకు కోసి, ఒక కొమ్ము తమ్ముడి కాళ్ళ దగ్గర పడేశాడు. "ఇదుగో, నీ సగం అబద్ధం," అన్నాడు. ఆనాటి నుంచి చెరో ఇంట్లో చెరో కొమ్ము. ఒంటికొమ్ము గోడకు తగిలిస్తే ఎంత వికారంగా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

అప్పటికి ఎవరికీ తెలియనిది ఇంకోటి ఉంది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి తుపాకి కడుగుదామని గొట్టంలో కడ్డీ పెడితే, కడ్డీ సగంలోనే ఆగింది. మందూ గుండూ లోపలే ఉన్నాయి. ఎల్డన్ తుపాకి టోపీ మాత్రమే పేలింది. అన్న తుపాకి పేలిన చప్పుడే తనదీ అనుకున్నాడు. ఎల్డన్ ఆ గుండును బయటికి లాగి, పైజేబులో వేసుకుని, మర్నాడు వాగులో పారేశాడు. పొద్దున్నే వెళ్ళి చెబుదామనుకున్నాడు. పొద్దున్న కాస్తా వారమైంది, వారం ఏడాదైంది. అన్న భార్య పోయినప్పుడు శవపేటిక పక్కన నిలబడి కూడా నోరు తెరవలేకపోయాడు. అబద్ధం ముల్లు లాంటిది, మొదటి రోజు అయితే గోటితో లాగేయొచ్చు.

వంటింట్లో వెర్నా కత్తి నూరి సిద్ధంగా పెట్టింది.

"ఏవయ్యా, తుపాకి మోగింది విన్నాను. కాళ్ళు పట్టుకుని ఈడ్చుకొస్తావని గుమ్మంలో పాత పరదా కూడా పరిచాను. ఏదీ?"

"తగిలింది."

"తగిలిందా, పడిందా?"

"తగిలిందన్నానుగా."

"నలభై ఏళ్ళ కాపురమయ్యా. నువ్వు తగిలిందంటే పోయిందని అర్థం."

"పోలేదు. అవతలికి వెళ్ళింది."

"అవతలికంటే?"

"దక్షిణం మూల మూడో గుంజ దగ్గర, అవతలాయన పల్లంలోకి."

వెర్నా కత్తి బల్ల మీద పెట్టింది. "అవతలాయనకి మీ అమ్మ ఒక పేరు పెట్టింది. ఒకసారి అను, నోరేం పడిపోదు. ఎక్కడ తగిలింది?"

"కడుపులో."

"తుపాకి పొయ్యి దగ్గర పెట్టినప్పుడే అనుకున్నాను."

"అనుకుంటే చెప్పొద్దా?"

"చెప్తే విన్నదెప్పుడు? లే. ట్రక్కు తీసుకుని వెళ్ళు. తలుపు కొట్టు. 'అన్నా, లేడి నీ పల్లంలో పడింది, తెచ్చుకుంటాను' అను. ఎన్ని మాటలు? వేళ్ళ మీద లెక్కపెట్టు."

"ఆయనకి తెలుసు నా తుపాకి చప్పుడు. కావాలంటే తనే ఫోను చేస్తాడు."

"ఎందుకు చేస్తాడు? లేడిని కొట్టింది ఆయనా? ఏమయ్యా, ఏప్రిల్ దాకా నీ పంతం ఉడకబెట్టి పెట్టనా? ఉప్పు చాలా పడుతుంది."

ఎల్డన్ బూట్ల తాళ్ళు విప్పుకుంటూ ఉండిపోయాడు. లేడి కోసం అడగడం కష్టం కాదు. ఆ గుమ్మంలో నిలబడితే నోట్లోంచి ముందు వచ్చేది లేడి మాట కాదని అతనికి తెలుసు. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో పదకొండేళ్ళుగా తెలియడం లేదు.

అప్పుడు వెర్నా ఫోను ఎత్తింది. మా లోయకు అప్పటికింకా ఒకే తీగ మీద ఆరిళ్ళు. ఒకరికి మోగితే అందరికీ మోగుతుంది, ఒకరు మాట్లాడితే చెవి ఉన్నవాళ్ళంతా వింటారు. రెండిళ్ళ అవతలి ఆర్లిస్ కి చేసి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గొంతెత్తింది.

"ఆర్లిస్, ఏం చేస్తున్నావే?"

"గసగసాల కొలాచ్ రొట్టెలు వేస్తున్నా. అంత అరుస్తావేం, పిండి కుంగిపోయేట్టుంది."

"మా ఆయన లేడిని కొట్టాడు."

"దేన్ని గురి చూశాడు?"

"లేడినే. కడుపులో తగిలి లంబర్ట్ బావగారి పల్లంలోకి పోయింది. దక్షిణం మూల నుంచి మూడో గుంజ దగ్గర కంచె దాటిందట. ముళ్ళపొదల్లోనే ఎక్కడో పడి ఉంటుంది. కయోటీలు ఇప్పుడే కూస్తున్నాయి. ఫ్రీజరు చూస్తే గాలి కూడా లేదు. మా ఆయనకేమో అడగడానికి నాలిక లేదు."

తీగలో టిక్కు, టిక్కు, టిక్కు అని వినబడింది. ఆర్లిస్ గొంతు తగ్గించింది. "వెర్నా, గడియారం."

ఆ గడియారం వావ్రాల అమ్మది. లంబర్ట్ వంటింట్లో ఫోను పక్కనే గోడకు ఉంటుంది. ఆయన ఫోనెత్తి ఊపిరి బిగబట్టుకుని విన్నా సరే, గడియారం బిగబట్టదు.

"తెలుసు. కొట్టుకోనీ," అంది వెర్నా.

టిక్కు, టిక్కు. తర్వాత ఎవరో ఫోను పెట్టేసిన చప్పుడు. టిక్కులు ఆగిపోయాయి.

వెర్నా మొగుడి వైపు తిరిగింది. "మోగుతుంది చూడు." వాళ్ళింటి మోత రెండు పొడుగు, ఒకటి పొట్టి. ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చుని ఫోను వంక చూశారు. ఒకసారి మోగింది, ఒక పొడుగు, రెండు పొట్టి. అది వేరేవాళ్ళది. అయిదింటికి కిటికీ అద్దం మీద వాన మొదలైంది.

ఎల్డన్ మళ్ళీ బూట్లు తొడిగాడు. "ఎటు?" అంది వెర్నా. "ఎటో," అన్నాడు. వరండాలోకి వెళ్ళి ట్రక్కు తాళం చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. వాన సూదుల్లా పడుతోంది, ఇంకా వెచ్చటి వానే. ఇప్పుడు వెళ్ళొచ్చు. నోటితో సాధన కూడా చేశాడు. "అన్నా," అన్నాడు ఒకసారి, చూరు చుక్కలతో. గొంతు ఎవరిదో అనిపించింది.

అవతలి పొలంలో చిన్న వెలుతురు కదిలింది.

లాంతరు. పశువుల దగ్గరికి పోతున్నాడనుకున్నాడు. కానీ లంబర్ట్ కొట్టం ఇంటికి ఉత్తరాన ఉంది. వెలుతురు తూర్పుకు, పల్లం వైపు వస్తోంది. ఒక చోట ఆగి, అటూ ఇటూ వెతికి, కిందికి దిగి మాయమైంది.

ఎల్డన్ తాళం జేబులో పడేసుకున్నాడు. లోపలికొచ్చి తలుపు విసిరి వేశాడు.

"చూశావా నీ బావగారిని? గుంజ లెక్కతో సహా చెప్పావుగా. లాంతరు పట్టుకుని పోతున్నాడు, నా లేడిని కొట్టేయడానికి!"

"లంబర్టా?"

"మొన్న కొమ్ము, ఇవాళ మొత్తం జంతువు. తిననీ. ముల్లు గుచ్చుకోనీ గొంతులో."

"లేడికి ముల్లేమిటయ్యా," అంది వెర్నా. కానీ నవ్వలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, "ఆయనకి డెబ్భై రెండు. ఈ వానలో..." అని ఆగిపోయింది.

ఆరు కొట్టేసరికి ఉత్తరపు గాలి వచ్చి ఇంటిని భుజంతో కుమ్మింది. వాన చప్పుడు మారింది, చినుకుల చోట గులకరాళ్ళు. కిటికీ అద్దం చూస్తుండగానే తెల్లగా మసకబారింది. "తెల్లారగానే వెళ్తా," అన్నాడు ఎల్డన్ ఎవరూ అడక్కుండానే. వెర్నా నూరిన కత్తిని సొరుగులో పెట్టేసింది.

తెల్లవారింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ప్రతి గడ్డిపోచకూ గాజు తొడుగు, కంచె తీగ ఒక్కొక్కటీ బొటనవేలంత లావు. పీల్చిన గాలి ముక్కులోనే విరిగేంత చలి. ఎల్డన్ జారుతూ, పడుతూ మూడో గుంజ దగ్గరికి వచ్చాడు. జగడమాడటానికే వచ్చాడు. నెత్తుటి మరకలూ, ఈడ్చుకెళ్ళిన జాడలూ చూసి, ఆ జాడ వెంట వెళ్ళి తలుపు బద్దలయ్యేలా కొడదామని రాత్రంతా మాటలు పేర్చుకున్నాడు.

పల్లంలో, మొదటి పొద కింద, లేడి ఉంది. మొత్తంగా ఉంది. దాని మీద కోటు ఉంది.

గోధుమరంగు పాత పనికోటు. ఎడమ మోచేతికి దాణా సంచీ గుడ్డ మాసిక. ఆ మాసిక వేసింది లంబర్ట్ భార్య. కోటు చుట్టూ పది అంగల దూరంలో, గడ్డకట్టిన రొచ్చులో కయోటీల అడుగులు ఒక చక్రంలా బిగుసుకుపోయి ఉన్నాయి. తిరిగాయి, కూర్చున్నాయి, మళ్ళీ తిరిగాయి. చక్రం లోపలికి ఒక్క గోరు కూడా రాలేదు.

ఎల్డన్ నవ్వాడు. పల్లం అంతా మోగేలా నవ్వాడు. "ఓడిపోయావు, లంబర్ట్! ముందు నువ్వే మాట్లాడావు!" అని అరిచాడు. పదకొండేళ్ళ తర్వాత ఆ పేరు అతని నోట్లోంచి అలా వచ్చింది. కంచె ఎలా దాటాడో గుర్తులేదు, పంట్లాం చిరిగింది. కోటు లేడి ఆకారంలోనే బిగుసుకుపోయి పలకలా ఉంది. ఊపిరి ఊది, చేతులతో రుద్ది దాన్ని ఊడదీశాడు. జేబు బరువుగా తగిలింది. చెయ్యి పెట్టి చూస్తే కొమ్ము. ఆరు కొనల, సగం పుర్రె ముక్క ఉన్న కొమ్ము.

మంచు మీద కూర్చుండిపోయాడు. నోట్లో మాట తనంతట తనే తయారైంది. ఇప్పుడు చెప్పొచ్చు. గుమ్మంలో నిలబడి, కోటు ఇచ్చి, "అన్నా, ఆ గుండు నీదే, నాది గొట్టంలోనే ఉండిపోయింది" అనొచ్చు. లంబర్ట్ తిడతాడు. తిట్టనీ. కడుపునిండా తిట్టి, కాఫీ పెడతాడు. లేడిని ఇద్దరూ కలిసి ఈడ్చుకురావచ్చు, చెరి సగం కోసుకోవచ్చు. ఈసారి రంపం లేకుండా. లేడిని అక్కడే వదిలేసి, కోటును తలుపు రెక్కలా భుజాన వేసుకుని అన్న ఇంటి వైపు నడిచాడు.

లంబర్ట్ వచ్చిన అడుగులు మెత్తటి రొచ్చులో పడి గడ్డకట్టాయి, స్పష్టంగా ఉన్నాయి. తిరిగి వెళ్ళిన అడుగులూ ఉన్నాయి. వంద అంగల తర్వాత అవి పలచబడ్డాయి. అక్కడికి వచ్చేసరికి నేల గాజైంది, కాలి గుర్తు పడలేదు. అక్కడ మంచులో బోర్లా పడిన లాంతరు ఉంది. అద్దం పగిలింది. ఎల్డన్ లాంతరు తీసుకున్నాడు. ఇంటి వైపు చూశాడు. పొగగొట్టం మీద పొగ లేదు.

"అన్నా," అన్నాడు. తర్వాత అరిచాడు.

ఇంటికి అరవై అంగల దూరంలో, గడ్డిమోపుల వెనక గాలి తగలని పక్కన లంబర్ట్ కూర్చుని ఉన్నాడు. చొక్కా మీద పంట్లాం పట్టీలు, చేతులు చంకల్లో. గాలి తగ్గాక లేద్దామనుకున్న మనిషిలా ఉన్నాడు. కనుబొమల మీద గాజు. ఆ సాయంత్రం వాన వెచ్చగా ఉంది కదా, కోటు లేకుండా అరమైలు నడవడం ఎంతసేపని అనుకున్నాడేమో. గాలి తిరగడానికి ముప్పావుగంట పట్టలేదు.

ఎల్డన్ కోటు తొడగబోయాడు. కోటు వంగలేదు, లంబర్ట్ వంగలేదు. చివరికి లేడి మీద కప్పినట్టే మీద కప్పాడు. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాడు. "ఆ గుండు నీదే అన్నా. నాది పేలనే లేదు. గొట్టంలో ఉండిపోయింది. ఆ సాయంత్రమే తెలుసు నాకు." ఒకసారి కాదు. వెర్నా ట్రక్కు తీసుకుని వెతుక్కుంటూ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం ఆర్లిస్ మొగుడు బల్లబండి తీసుకుని లేడి కోసం పల్లంలోకి వెళ్ళాడు. ఈడ్చుకొచ్చేందుకు పక్కటెముకలు, నాలుగు గిట్టలు మిగిలాయి. కోటు తీసేశాక కయోటీలకు ఇంకేం అడ్డం?

ఎల్డన్ మళ్ళీ తుపాకి పట్టలేదు. ఆ ఏప్రిల్ దాకా లోయలో ఇంటింటి నుంచీ ఏదో ఒకటి వాళ్ళ ఫ్రీజరులోకి వచ్చింది, అది మూత దాకా నిండింది. అతను మాత్రం మాంసం ముట్టలేదు. గోదాము దగ్గర కాఫీ బల్ల చివర, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. గొట్టంలో ఉండిపోయిన గుండు సంగతి అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతాడు. విత్తనాలు అమ్ముకోవడానికి వచ్చిన పరాయి ఊరివాడికి కూడా చెబుతాడు. అందరూ తల ఊపుతారు. తల ఊపాల్సినవాడు వినడం లేదు.

మిగతా కథ నేను చెబుతాను. నాలుగొందల అంగలతో మొదలుపెడితే బల్ల చుట్టూ నవ్వుతారు, ఎల్డన్ కూడా ఒక పెదవితో నవ్వుతాడు. అందుకే అలా మొదలుపెడతాను. కయోటీల చక్రం నిజం, నా కళ్ళతో చూశాను. ఆ బల్లబండి తోలింది నేనే. గడియారం నిజం, ఆర్లిస్ ఇప్పటికీ ఆ టిక్కులు వినబడతాయంటుంది. లాంతరు నిజం.

జేబులో కొమ్ము మాత్రం కథలో నేను పెట్టాను. కొమ్ము లంబర్ట్ వంటింట్లో, గడియారం పక్కన, తగిలించిన మేకుకే ఉంది. మొదటిసారి ఈ కథ చెప్పిన రోజు ఎల్డన్ ఎదురుగా కూర్చుని కాఫీ కప్పు వంక చూస్తున్నాడు, నా నోట్లోంచి ఆ కొమ్ము వచ్చేసింది. అతను తలెత్తి నా వంక చూశాడు, కాదనలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ కాదనలేదు.

జేబులో ఉన్నవి లంబర్ట్ చేతితొడుగులు. ఒకదాంట్లో ఒకటి మడిచి పెట్టినవి. పొడిగా ఉన్నాయి.